312 సతోషీలు తక్కువ

ఆరు నెలల జాగ్రత్త ఒక్క మీట నొక్కడంతో నీళ్లపాలైంది. ఇంకా కడుపు మండుతూనే ఉంది.

నా బిట్‌కాయిన్ వాలెట్‌లో రెండు నాణేలు, అంటే విడివిడిగా వచ్చిన రెండు మొత్తాలు. ఒకటి 60,000 సతోషీలు (బిట్‌కాయిన్‌లో పది కోట్లో వంతు ఒక సతోషీ). పాన్ చూపించి ఎక్స్ఛేంజీలో కొన్నది, అంటే దాని మీద నా పేరు చెక్కి ఉన్నట్టే. రెండోది 21,000, మిత్రుడికి చేసిన పనికి వచ్చింది. ఈ రెండూ ఒకే లావాదేవీలో కనిపించకూడదు; బ్లాక్‌చైన్ అందరికీ కనిపించే పద్దు, కలిపి ఖర్చు చేస్తే రెండూ ఒకరివేనని తెలిసిపోతుంది. పన్ను ఎగ్గొట్టడానికి కాదు, క్రిప్టో లాభం మీద కట్టాల్సిన 30 శాతం లెక్క నా పుస్తకంలో ఉంది. సర్వర్ అద్దెకిచ్చేవాడికి నా పొదుపు ఎంతో తెలియడం ఎందుకు?

ఇంటి కంప్యూటర్‌లోని స్పారో అనే వాలెట్‌లో మొదటిదాన్ని ఖర్చు కాకుండా ఫ్రీజ్ చేసి, పోయిన నెల సర్వర్ అద్దె 9,400 రెండోదాని నుంచి కట్టాను. నెట్‌వర్క్ రుసుము 568 పోగా కొత్త నాణెంగా నాకు తిరిగొచ్చిన చిల్లర 11,032. ఈ నెల బిల్లు 10,900. చిల్లర వెనక్కి రాకుండా ఊడ్చి పంపితే లావాదేవీ పరిమాణం 111 వర్చువల్ బైట్లు; రుసుము లెక్క ఈ బైట్ల మీదే. ఆ రోజు రేటు బైటుకు 4 సతోషీల చొప్పున 444 కావాలి. నా దగ్గర మిగిలేది 132. అంటే బైటుకు 1.19. ఎలాగోలా చేరుతుందిలే అని పంపాను. బిల్లు గడువు గంట. నలభై నిమిషాల్లో మూడు బ్లాకులు, అంటే ఖరారైన లావాదేవీల మూడు కట్టలు, వెళ్లాయి, నాది కదలలేదు.

అప్పటికి బస్సులో ఉన్నాను. అదే సీడ్‌తో (వాలెట్‌ను తిరిగి తెరిచే రహస్య పదాలు) ఫోనులో ఉన్న మరో వాలెట్ తెరిచి, ఆ లావాదేవీకి రుసుము పెంచాను. అది చడీచప్పుడు లేకుండా 60,000 నాణేన్ని లాగేసింది: ఖర్చయిన నాణేలు (ఇన్‌పుట్‌లు) రెండు, దాదాపు 210 బైట్లు, రుసుము 1,050, చిల్లర 59,082.

మొదట వాలెట్‌లో లోపమనుకున్నాను. కాదు. ఫ్రీజ్ అన్నది బ్లాక్‌చైన్‌లో ఉండదు, సీడ్ పదాల్లోనూ ఉండదు. ఇంట్లో కంప్యూటర్‌లోని వాలెట్ ఫైలులో ఉంటుంది. ఫోనుకు అన్నీ ఒకే సొమ్ము. పైగా అద్దెవాడి చిరునామా 3తో, నాది బీసీ1క్యూతో మొదలవుతాయి కనుక ఏది చిల్లరో పసిపిల్లాడు కూడా చెబుతాడు. పోయిన నెల చెల్లింపు, దాని వెనక మిత్రుడి చిరునామా కూడా ఇప్పుడు నా పాన్‌తో ముడిపడ్డాయి. ఈ ముడి ఇక విడదు.

చేయాల్సింది వేరే ఉంది. అదే 11,032ను ఎక్కువ రుసుముతో నాకే పంపుకుని పాత లావాదేవీని రద్దు చేయాలి: 110 బైట్లు, 5 చొప్పున 550 పోయేది. తర్వాత తీరిగ్గా కొత్త బిల్లు తీసుకోవచ్చు.

మల్వాడ్ అనే వీపీఎన్‌ చందాను మొనేరోలో, అంటే ఎవరు ఎంత పంపారో బయటికి కనిపించని క్రిప్టోలో, కట్టడం మాత్రం మొదటిసారే సాఫీగా జరిగింది. 2024 ఫిబ్రవరిలో బైనాన్స్ ఎక్స్ఛేంజీ దాన్ని తీసేశాక మొనేరో దొరకడమే కష్టమైంది గానీ, ఈ చిల్లర తలనొప్పులకు అదే మందని నా అభిప్రాయం. పలువురి నాణేలను కలగలిపి జాడ చెరిపే మిక్సర్ల జోలికి పోను; వాటి నుంచి వచ్చిన నాణేన్ని ఎక్స్ఛేంజీలు అనుమానంగా చూస్తాయి.

వచ్చే వారం నుంచి పాన్‌తో కొన్న నాణేలకు ఒక సీడ్, పనికి వచ్చిన వాటికి మరో సీడ్. ఫోనులో రెండోది మాత్రమే ఉంటుంది. పాత ల్యాప్‌టాప్‌కు ఎస్ఎస్‌డీ వేసి మొనేరో నోడ్ (మొనేరో పద్దు మొత్తాన్ని సొంతంగా సరిచూసే ప్రోగ్రాం) కూడా నడపాలని ఉంది. దాని ఫ్యాన్ రొద ఇంట్లోవాళ్లు ఎన్నాళ్లు భరిస్తారో చూడాలి.