చిన్న గేటు

అందరూ పడుకున్నారు, అత్తయ్య గదిలో లైటు కూడా ఇప్పుడే ఆరింది, నాకే నిద్ర రావట్లేదు.

పొద్దున ఓనరు గారు ఫోన్ చేశారు. అగ్రిమెంటు రెన్యూ చేసుకోవాలి కదా, ఈసారి అద్దె ఇంకాస్త పెంచుతున్నానమ్మా అన్నారు. సరే, ఏటా ఉండేదే. సింకు కింద లీకేజీ సంగతి అడిగా, బాల్కనీ తలుపు ఉబ్బిపోయి పట్టట్లేదని చెప్పా, దేనికైనా ఒకటే జవాబు, "గార్డెన్ పక్కన ఇల్లమ్మా, మీరు ఖాళీ చేస్తే రేపే ఇంకొకరు దిగుతారు". ఆ మాట సాయంత్రం దాకా గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఆ గార్డెన్‌లో ఒక్క మొక్కైనా ఆయన నాటారా? కోపం పట్టలేక ఫోన్‌లో వెతుకుతూ కూర్చున్నా, పార్కు పక్కన ఇళ్ళకి అద్దెలెందుకు ఎక్కువా అని. ఇంగ్లండ్‌లో బర్కెన్‌హెడ్ పార్కని ఉంది, 1847లో తెరిచారు. 226 ఎకరాలు కొని, అందులో 125 ఎకరాలు జనానికి వదిలేసి, మిగతాది చుట్టూ ఇళ్ళస్థలాలుగా అమ్మి ఆ డబ్బుతోనే ఖర్చు పూడ్చుకున్నారట. న్యూయార్క్ సెంట్రల్ పార్కుకి ప్లాన్ గీసినవాళ్ళలో ఓంస్టెడ్ అనే ఆయన 1850లో వెళ్ళి చూసొచ్చిన పార్కు ఇదే. అక్కడ పక్కనున్నవాళ్ళు పార్కు కోసం డబ్బు కట్టారు, ఇక్కడేమో ఆ పచ్చదనం చూపించి మా దగ్గర డబ్బు తీసుకుంటున్నారు.

ఖాళీ చేసేద్దామని ఈయనతో అన్నా. సరే నీ ఇష్టం అన్నారు. ఆయన అంత తేలిగ్గా ఒప్పుకునేసరికి నాకే దిగులేసింది.

అద్దె సంగతి ఎలాగో సర్దుకుంటాం, నన్ను తినేస్తున్నది ఆ చిన్న గేటు. సందు చివర గార్డెన్‌లోకి వెళ్ళే ఆ గేటుకి తాళం పడి అయిదు నెలలైంది. పెద్ద గేటు దాకా చుట్టూ తిరిగి వెళ్ళాలంటే నాకే ఇరవై నిమిషాలు, మధ్యలో సిగ్నల్ లేని రోడ్డొకటి దాటాలి, ఆ మోకాళ్ళతో అత్తయ్య ఎక్కడ వెళ్తారు. బాల్కనీలో కుర్చీ వేసుకుని చెట్ల వైపు చూస్తూ కూర్చుంటున్నారు. "ఇక్కణ్ణుంచి కనిపిస్తోందిగా, చాల్లే అమ్మాయ్" అంటారు. చాలదని నాకు తెలుసు.

మామయ్యగారు ఆపరేషనయ్యి వచ్చాక రోజూ కొంచెం కొంచెంగా నడవమన్నారు కదా డాక్టరు. మొదటిరోజు గేటు దాకా వెళ్ళి ఆ కమ్మీ పట్టుకుని నిలబడి వెనక్కొచ్చేశారు. తర్వాత మొదటి బెంచీ, వారానికి రెండోది, అలా బెంచీల లెక్కన నడిచేవారు, ఇంటికొచ్చి "ఇవాళ మూడు" అని చిన్నదానికి చెప్పేవారు, అది క్యాలెండర్ మీద రాసేది. గేటు దాటగానే గాలి మారేది. ఆకులు నీళ్ళని ఆవిరి చేసి బయటికి వదులుతాయమ్మా, అలా ఆవిరవ్వడానికి కావలసిన వేడిని చుట్టూ ఉన్న గాలిలోంచే లాక్కుంటాయి, అందుకే నీడొక్కటే ఉన్న చోటు కన్నా ఇక్కడ చల్లగా ఉంటుంది అని సైన్సు మాస్టారిలా చెప్పేవారు, రిటైరయినా ఆ అలవాటు పోలేదు. నాలుగో బెంచీ నిద్రగన్నేరు చెట్టు కింద. చీకటి పడే వేళకి దాని ఆకులు ముడుచుకుంటాయి. ముడుచుకోవడం మొదలవగానే "చెట్టు పడుకుంటోంది, పద" అని అత్తయ్య భుజం మీద చెయ్యేసి లేచేవారు. అయిదో బెంచీ దాకా ఆయన వెళ్ళలేదు. ఆయన పోయాక కూడా అత్తయ్య నాలుగో దాని దగ్గరే ఆగేవారు, గేటు మూసేదాకా.

ఇవాళ ఇక ఊరుకోలేక సాయంత్రం నేనే చుట్టూ తిరిగి వెళ్ళి లోపల కాపలా అతన్ని అడిగా, ఎందుకు వేశారు బాబూ తాళం అని. "మీ సందువాళ్ళే కదమ్మా రాసిచ్చారు, బండ్లు అడ్డం పెడుతున్నారని" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. పోయిన వేసవిలో, చిన్నదాన్ని పరీక్షకి దింపాల్సిన రోజు, వాకింగ్‌కి వచ్చినవాళ్ళెవరిదో కారు మా గేటుకి అడ్డంగా పెట్టి ఉంది, అరగంట హారన్ కొట్టినా ఎవరూ రాలేదు, అది ఏడుపు. ఆ సాయంత్రమే కింద ఫ్లాటావిడ కాగితం పట్టుకొస్తే పూర్తిగా చదవకుండానే సంతకం పెట్టా. పార్కింగ్ గురించి అనుకున్నా. గేటు మూసెయ్యమని ఉందో లేదో కూడా చూడలేదు. అంత దూరం నుంచి బండేసుకుని వచ్చేవాళ్ళకి వాళ్ళ ఇళ్ళ దగ్గర ఇలాంటి గార్డెన్ లేకనేగా వస్తారు. పొద్దున్నించీ ఓనరు గారిని గార్డెన్ నీదా అని మనసులో అడుగుతూనే ఉన్నా, తాళం మాత్రం నా సంతకంతో పడింది.

ఖాళీ చెయ్యం. ఈయనకి రేపు చెప్తా. గేటు తియ్యమని, బండ్లు అక్కడ ఆపకుండా ఒక బోర్డు పెట్టమని ఇప్పుడే కాగితం రాశా, కింద ఫ్లాటావిడ దగ్గరికే ముందు వెళ్ళాలి, ఒప్పుకుంటుందో లేదో.

రాత్రి అన్నం దగ్గర అత్తయ్య అడిగారు, "కనుక్కున్నావా, తాళం ఎవరు వేయించారట?"

తెలీదత్తయ్యా అన్నా.