ఏ బండనుండి, ఏ గుంటనుండి

"మీరు ఏ బండనుండి చెక్కబడితిరో దాని ఆలోచించుడి, మీరు ఏ గుంటనుండి తవ్వబడితిరో దాని ఆలోచించుడి." (యెషయా 51:1)

వేసవిలో ఐర్లండులో ఒకే కుటుంబపు కొమ్మలన్నీ ఒకచోట చేరతాయి. అమెరికా, ఆస్ట్రేలియా, ఇంగ్లండుల నుంచి మునిమనవలు దిగుతారు. ఆ కుటుంబ సమ్మేళనానికి ఈ వచనం ఒదిగినట్టు మరొకటి ఒదగదు, ఎందుకంటే అక్కడ ఆ బండను చేత్తో తాకి చూడవచ్చు. 1695 నుంచి కేథలిక్కుల మీద వరుసగా శిక్షా చట్టాలు వచ్చాయి. 1697 నాటి చట్టం బిషప్పులనూ మఠాలకు చెందిన గురువులనూ దేశం విడిచి పొమ్మంది. గుడి లేని జనం పొలంలోనో కొండవాలులోనో ఒక బల్లపరుపు రాతిని పీఠంగా చేసుకుని దివ్యబలిపూజలో పాల్గొన్నారు. ఆ రాతిని ఐరిష్‌లో 'కారిగ్ అన్ ఆఫ్రిన్' అంటారు, పూజబండ అని అర్థం. చాలా ఊళ్ళలో అది ఇప్పటికీ ఉంది.

బండ దగ్గర ఫోటో దిగడానికి అందరూ వస్తారు. చిక్కంతా వచనం రెండో సగంతోనే. గుంట అనగానే 1845–52 నాటి ఆలుగడ్డ కరవు గుర్తుకు రావాలి. దాదాపు పది లక్షలమంది చనిపోయారు, అంతకు మించి ఓడలెక్కారు. పేరు చెక్కిన రాయి లేకుండా మూకుమ్మడిగా పూడ్చిన గుంటలు ఆ నేలలో ఎన్నో ఉన్నాయి. సమ్మేళనం కార్యక్రమ పత్రంలో వాటికి చోటు దొరకడం అరుదు.

ముందు ఎవరిని పిలవాలో తేలాలి. మన ఇంటిపేర్లలో చాలావాటికి మూలం ఒక ఊరు. ఐరిష్ ఇంటిపేరుకు మూలం ఎక్కువగా ఒక మనిషి: 'ఓ' అంటే మనుమడు, 'మాక్' అంటే కొడుకు. అయితే కెల్లీ, మర్ఫీ లాంటి పేర్లు దేశంలో వేర్వేరు చోట్ల విడివిడిగా పుట్టాయి. పేరొక్కటే చూసి పిలిస్తే రక్తసంబంధం లేనివాళ్ళతో హాలు నిండుతుంది. పేరుతో పాటు 'టౌన్‌లాండ్' కలవాలి. అది ఊరికన్నా చిన్న భూభాగం, ఐర్లండులో అరవై వేలకు పైగా ఉన్నాయి. టౌన్‌లాండ్ తెలియకుండా వంశవృక్షం గీయడం మొదలుపెట్టకపోవడమే మేలు.

టౌన్‌లాండ్‌ను పట్టించేది గుడి పుస్తకమే. 1922 జూన్ 30న డబ్లిన్‌లో ప్రభుత్వ దస్తావేజుల కార్యాలయం తగలబడి 1821–51 జనగణన పత్రాల్లో అత్యధిక భాగం బూడిదైంది. విచారణ (పారిష్) గురువుల దగ్గరే ఉండిపోయిన కేథలిక్ జ్ఞానస్నాన పుస్తకాలు మాత్రం మిగిలాయి. సుమారు 1880 వరకు ఉన్న పుటల చిత్రాలను జాతీయ గ్రంథాలయం 2015లో ఉచితంగా అందరికీ తెరిచింది. చదివేటప్పుడు రెండు చోట్ల పొరబాటు జరుగుతుంది. చాలా పుస్తకాల్లో పేర్లు లాటిన్‌లో ఉంటాయి: యాకోబుస్ అంటే జేమ్స్, గులియెల్ముస్ అంటే విలియం. వీళ్ళను వేరే మనుషులనుకుని చెట్టులో లేని కొమ్మలు పుట్టించినవాళ్ళు ఉన్నారు. రెండోది వయసు. 70 ఏళ్ళు నిండినవారికి 1909 జనవరి నుంచి పింఛను వచ్చింది. అందుకే 1901 జనగణనలో 58 ఏళ్ళున్న పెద్దాయన 1911కి ఏకంగా 71లో కనిపిస్తాడు. ఆయన్ను తప్పుపట్టకండి, పుట్టినతేదీ కాగితం ఆయన దగ్గర ఎన్నడూ లేదు.

ఆ జ్ఞానస్నాన పుటల్లో మరో మేలు ఉంది. తల్లి పెళ్ళికి ముందరి ఇంటిపేరు సాధారణంగా అందులో రాసి ఉంటుంది. యెషయా తర్వాతి వచనంలోనే "మీ తండ్రియైన అబ్రాహాము సంగతి ఆలోచించుడి, మిమ్మును కనిన శారాను ఆలోచించుడి" అంటాడు. సమ్మేళనాల్లో పెట్టే వంశవృక్ష పటాలు అబ్రాహాము దగ్గరే ఆగిపోతుంటాయి. శారా పుట్టింటి పేరు గుడి పుస్తకంలో ఉండగా పటంలో "భార్య" అని రాసి వదిలేయడం బద్ధకం. పటాన్ని వెడల్పు కాగితపు చుట్ట మీద గీసి గోడకు అతికించండి. ఒక్కో కొమ్మకు ఒక్కో రంగు పెట్టి, మెడలో వేసుకునే చీటీలకూ అదే రంగు ఇవ్వండి. పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు పెట్టడం పాత ఆనవాయితీ. దాంతో ఒకే తరంలో నలుగురు పాట్రిక్‌లు తేలతారు. ఊళ్ళో వాళ్ళను తండ్రి, తాతల పేర్లు కలిపి పిలిచేవారు. చీటీ మీదా అలాగే రాస్తే గందరగోళం ఉండదు.

ఇక పూజ సంగతి. యెషయా వచనం చదివించాలంటే శనివారం ఉదయం పూజ పెట్టుకుని, విచారణ గురువుతో ముందే మాట్లాడాలి. ఆదివారం పాఠాలను మన ఇష్టానికి మార్చడానికి లేదు. శనివారం సాయంత్రం పూజ కూడా ఆదివారం కిందికే వస్తుంది. ఇప్పుడు ఒకే గురువు చేతిలో రెండు మూడు విచారణలు ఉంటున్నాయి కాబట్టి విమానం టికెట్ల కన్నా ముందు ఆయన తేదీ ఖాయం చేసుకోవాలి. పూజబండ చాలాచోట్ల రైతు సొంత పొలంలో ఉంటుంది. ఆయన అనుమతి అడగాలి, గేటు తీసినవాళ్ళు మూయాలి, పక్క మడిలో ఆంబోతు ఉందేమో కనుక్కోవాలి.

ఆరుబయట గాలే పెద్ద శత్రువు. పీఠవస్త్రాన్ని క్లిప్పులతో బిగించాలి, కొవ్వొత్తులు గాజు లాంతర్లలో పెట్టాలి. పూజలో పంచే అప్పాలకు మూత ఉన్న పాత్ర, పానపాత్ర మీద గట్టి చదరపు మూత ఉండాలి. అప్పాల లెక్క సరిగ్గా చూసుకోండి. అక్కడ మందసం (దివ్యసత్ప్రసాదాన్ని భద్రపరిచే పెట్టె) ఉండదు కాబట్టి మిగిలిన దివ్యసత్ప్రసాదాన్ని అక్కడే స్వీకరించాలి, లేదా గుడికి భద్రంగా తీసుకెళ్ళాలి. ఎనభైమంది వస్తే రెండు వందలు పెట్టడం భక్తి అనిపించుకోదు. కుటుంబంలో ప్రొటెస్టంట్లు, గుడికి దూరమైనవాళ్ళు తప్పక ఉంటారు. స్వీకరించనివారు చేతులు ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని వస్తే గురువు ఆశీర్వదిస్తారని పూజకు ముందే చెప్పాలి. వరుసలో నిలబడ్డాక చెబితే అవమానంగా ఉంటుంది.

మరణించినవారి పేర్లు చదివేటప్పుడు ఒక్కో పేరుకు మూడు సెకన్లు వేసుకోండి, అరవై పేర్లకు మూడు నిమిషాలు. చివర గుంపంతా ఐరిష్‌లో పలికే మాట 'అర్ యెష్ జే గో రెవ్ ఎ ననమఖ', దేవుని కుడిపక్కన వారి ఆత్మలు ఉండుగాక అని.

సమాధులు ఆశీర్వదించే ఆదివారం విచారణకొకటి ఉంటుంది, ఎక్కువగా వేసవిలో. మన కేథలిక్ ఊళ్ళలో మృతుల స్మరణ దినమైన నవంబరు 2కు ముందు సమాధులకు సున్నం కొట్టినట్టే అక్కడా ముందు వారమంతా శుభ్రం చేస్తారు. కానీ పాత రాళ్ళకు సున్నం, బ్లీచింగ్, ఇనుప బ్రష్ ఏవీ పనికిరావు. నీళ్ళు, మెత్తని బ్రష్ చాలు. అక్షరాలు చదవడానికి సుద్దముక్క రుద్దవద్దు. సాయంత్రం టార్చిని రాతికి పక్కగా పట్టుకుంటే లోతు నీడల్లో పేరు తేలుతుంది. సమాధి దగ్గర జపమాలలో ఒక పదికం చెబితే సరిపోతుంది: ఒక పరలోక జపం, పది మంగళవార్త జపాలు, ఒక త్రిత్వ స్తోత్రం.

సమాధుల తోట గోడ బయట, పొలం మూలన 'కిల్లీన్' ఉందేమో ఊరి పెద్దలను అడగండి. జ్ఞానస్నానం లేకుండా పోయిన పసిబిడ్డలను ఆశీర్వదించిన నేలలో పూడ్చనివ్వలేదు. తండ్రులు చాలాసార్లు చీకటిపడ్డాక అక్కడికి తీసుకెళ్ళారు. పేరు లేని చిన్న రాళ్ళే గుర్తు. ఆ బిడ్డల రక్షణ గురించి నిరీక్షించడానికి బలమైన ఆధారాలున్నాయని వాటికన్ వేదాంత సంఘం 2007లో రాసింది. ఇరవైమందే నడవగలిగినా సరే, పూజ తర్వాత గురువుతో అక్కడికి వెళ్ళి తీర్థజలం చల్లించాలి.

ఆ పిల్లలు గుడి పుస్తకంలో లేరు కాబట్టి పటంలోకీ రారు. కొందరి జాడ మాత్రం ఒకచోట తగులుతుంది. 1911 జనగణన పత్రం పెళ్ళైన స్త్రీని రెండు అంకెలు అడిగింది: ప్రాణంతో పుట్టినవారు ఎందరు, ఇప్పుడున్నవారు ఎందరు. తొమ్మిది, ఆరు అని రాసి ఉంటే ముందు పుస్తకాల్లో ఆ ముగ్గురి కోసం వెతకండి. దొరకనివారికి ఆ తల్లి పేరు కింద, అన్నదమ్ముల మధ్య ఏళ్ళు ఎడంగా ఉన్నచోట, పెన్సిలుతో ఖాళీ గడి గీయండి.