ఎంజీబీలో ఏసీ: బండి ఆగితే చల్లదనమూ ఆగిపోతోంది

గంటకు 60 కిలోమీటర్ల వేగంలో వెంట్ దగ్గర 6 డిగ్రీలు. మోకాళ్లు వణికేంత చల్లదనం. అదే బండి ట్రాఫిక్‌లో ఐదారు నిమిషాలు నిలబడితే 19 డిగ్రీలు, ఆ తర్వాత టక్‌మని చప్పుడు చేసి కంప్రెసర్ (ఏసీ గ్యాస్‌ని నొక్కే పంపు) క్లచ్ వదిలేస్తుంది. కాస్త కదిలితే మళ్లీ పట్టుకుంటుంది. పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీకి వేరే ఇంజిన్, ఏసీ ఎక్కించే ఇన్నాళ్ల పని ఈ ఒక్క దగ్గర అటకెక్కింది. ఈసారి రాసేదంతా దాని గురించే.

మిగతావన్నీ బాగానే ఉన్నాయి. 1972 ఎంజీబీ జీటీలోంచి 1798 సీసీ బీ-సిరీస్ ఇంజిన్ దిగింది, ఎంఎక్స్-5 నుంచి వచ్చిన 1.8 మాజ్డా ఎక్కింది. మౌంట్లు, కంప్రెసర్ బ్రాకెట్, బెల్టు వరస అన్నీ కుదిరాయి. హీటర్ వాల్వ్ పూర్తిగా మూసుకుంటోంది. ఈ ఇంజిన్‌తో నాకు బాగా నచ్చింది ఈసీయూకి (ఇంజిన్ కంప్యూటర్‌కి) ఉన్న ఏసీ రిక్వెస్ట్ వైరు. క్లచ్ పట్టే ముందే ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పటి ఇంజిన్ వేగం) సర్దుకుంటుంది, ఇంజిన్ మూలగదు. పాత కార్బ్యురేటర్లతో అయితే దీనికోసం విడిగా సోలినాయిడ్ పెట్టి తంటాలు పడాలి.

కంప్రెసర్ శాండెన్ ఎస్‌డీ508, అంటే తిరుగుడుకు 138 సీసీ. 155 సీసీ ఉన్న 7హెచ్15 పెట్టమని చాలామంది అంటారు. జీటీ క్యాబిన్ ఎంతని? పెద్ద కంప్రెసర్ పెడితే ఐడిల్‌లో కండెన్సర్ (గ్యాస్ వేడిని బయటికి వదిలే జాలీ) మీద ఇంకా భారం వేయడమే. ఇప్పుడు జరుగుతున్నది చూశాక ఆ మాట మీద ఇంకా గట్టిగా ఉన్నాను.

ఇక అంకెలు. నీడలో 34 డిగ్రీలు, గ్యాస్ ఆర్-134ఏ, ఐడిల్ నిమిషానికి 850 తిరుగుళ్లు. బండి నడుస్తున్నప్పుడు హై సైడ్ (కంప్రెసర్ దాటాక గ్యాస్ ప్రెషర్) 190 పీఎస్‌ఐ, లో సైడ్ (కంప్రెసర్‌లోకి వచ్చే ముందు) 30. ఆపి ఐడిల్‌లో వదిలితే హై సైడ్ మొదటి నిమిషంలో 230, ఏడో నిమిషానికి 355. లో సైడ్ కూడా 30 నుంచి 55కి ఎక్కుతుంది. వేడి తారు మీద అయితే హై సైడ్ ఇంకా పైకి పోయి, 400 దగ్గర ట్రైనరీ స్విచ్ (ప్రెషర్ హద్దు దాటితే ఏసీని ఆపే స్విచ్) క్లచ్‌ని కోసేస్తుంది. ఆ టక్ చప్పుడు అదే.

355 పీఎస్‌ఐ అంటే ఆర్-134ఏ దాదాపు 78 డిగ్రీల దగ్గర ద్రవంగా మారుతోందని అర్థం. బయట గాలి 34. మధ్యలో 44 డిగ్రీల తేడా. కొత్త పారలల్ ఫ్లో కండెన్సర్, ముందు ఫ్యాన్ తిరుగుతోంది, అయినా ఇంత తేడా ఎందుకు రావాలి? ఈ ప్రశ్న పట్టుకుని కూర్చున్నాను.

మొదటి అనుమానం గ్యాస్ ఎక్కువైందేమోనని. మెషిన్‌తో 60 గ్రాములు వెనక్కి తీయించాను. ఐడిల్ ప్రెషర్ పది పీఎస్‌ఐ తగ్గిందంతే, పైగా రోడ్డు మీద చల్లదనం పోయింది. మళ్లీ ఎక్కించాను. హై సైడ్ 230 ఉన్నప్పుడు కండెన్సర్ నుంచి వచ్చే లిక్విడ్ లైన్ మీద థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ) పెడితే 52 చూపించింది. ఆ ప్రెషర్‌కి ద్రవంగా మారే ఉష్ణోగ్రత 60, కాబట్టి 8 డిగ్రీల సబ్‌కూలింగ్ (ద్రవంగా మారాక ఇంకా చల్లబడటం) ఉంది. గ్యాస్ సరిగ్గానే ఉంది. ఇలా ముక్కలు ముక్కలుగా కూర్చిన సిస్టమ్‌కి స్టిక్కర్ మీద గ్రాముల లెక్క ఉండదు, సబ్‌కూలింగ్ ఒక్కటే నమ్మకమైన దారి. సైట్ గ్లాస్‌లో బుడగలు చూసి గ్యాస్ పట్టే పద్ధతి ఆర్-12 రోజులతోనే పోవాల్సింది.

రెండోది, లోపల గాలి చిక్కిందేమో. రాత్రంతా బండిని కదపకుండా ఉంచి, పొద్దున్నే ఇంజిన్ వేయకుండా గేజ్ చూశాను. షెడ్డులో 30 డిగ్రీలు, రెండు గేజ్‌లూ 97 పీఎస్‌ఐ. 30 డిగ్రీల దగ్గర ఆర్-134ఏ చూపించాల్సింది అచ్చంగా అంతే. గాలి ఉంటే ఇంతకంటే పైన నిలిచేది. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది, ఎవరూ ఎందుకు చేయరో తెలియదు.

మూడోది కంప్రెసర్. అది నీరసంగా ఉంటే లో సైడ్ ఎక్కుతుంది కానీ హై సైడ్ దిగిపోతుంది. ఇక్కడ రెండూ కలిసి ఎక్కుతున్నాయి. ఐడిల్‌ని 1500కి పెంచితే హై సైడ్ ఇంకా తొందరగా పరిగెత్తింది. కంప్రెసర్ దాని పని అది చేస్తోంది, వేడి బయటికి పోవడం లేదు.

చివరికి నీళ్లు. 350 దగ్గర ఉండగా గ్రిల్‌లోంచి కండెన్సర్ మీద సన్నటి తుంపర కొట్టాను. నిమిషం తిరగకముందే 220. వెంట్ 9 డిగ్రీలు. ఇంకేం, గాలిదే దోషం.

కానీ ఏ గాలి? గ్రిల్ లోపల, కండెన్సర్‌కి ముందు నాలుగు చోట్ల ప్రోబ్‌లు కట్టాను. ఐడిల్‌లో ఏడు నిమిషాల తర్వాత నడిమధ్య 38, కుడి అంచు 44, ఎడమ అంచు 47, కింది అంచు 50. బయట 34 ఉన్న గాలి కండెన్సర్ దగ్గరికి 50తో వస్తోంది! టిష్యూ పేపర్ పీలిక ఒకటి కింద కడితే అది వెనక్కి కాకుండా ముందుకు ఎగురుతోంది. అంటే రేడియేటర్ దాటిన వేడి గాలి బానెట్ కింద దారి లేక, అడుగు నుంచి చుట్టు తిరిగి మళ్లీ ముందుకే వస్తోంది. కండెన్సర్ తన ఎంగిలి గాలే తాను పీలుస్తోంది. బానెట్ తెరిచి పెడితే ఐడిల్ ప్రెషర్ 300 దాటకపోవడానికీ కారణం ఇదే, వేడి పైకి పోయేది. అందుకే ఇప్పుడు గేజ్ గొట్టాలు బానెట్ వెనక అంచు నుంచి బయటికి తీసి, బానెట్ మూసే కొలుస్తున్నాను. తెరిచి తీసిన అంకెలు ఎందుకూ పనికిరావు.

పాత ఇంజిన్ ఉన్నప్పుడు ఈ గొడవ లేదు, ఎందుకంటే రేడియేటర్ చుట్టూ ఉండే రేకు గాలిని ఎటూ పోనిచ్చేది కాదు. ఇంజిన్ మారాక అల్యూమినియం రేడియేటర్ వచ్చింది, అది పాతదాని కంటే సన్నం. రెండు పక్కలా 35 మిల్లీమీటర్లు, కింద 50 సందు. పైగా ఆయిల్ కూలర్ తీసేశాక దాని గొట్టాలు వెళ్లిన రెండు రంధ్రాలు రేకులో అలాగే నోరు తెరుచుకుని ఉన్నాయి. రేకు పైన బానెట్‌కి ఆనే రబ్బరు కూడా ఎండి చిట్లింది.

పక్కలకి ఒక మిల్లీమీటరు అల్యూమినియం రేకు వంచి రివెట్లు కొట్టాను. కింద ఈపీడీఎం (వేడిని తట్టుకునే రబ్బరు) ఫోమ్ పట్టీ, రంధ్రాలకి బిరడాలు, పైన కొత్త రబ్బరు. కండెన్సర్‌కి, రేడియేటర్‌కి మధ్య ఉన్న 18 మిల్లీమీటర్ల సందు చుట్టూ కూడా ఫోమ్. మామూలు స్పాంజి వాడకండి, వేడికి పొడైపోతుంది.

ఇదే ఊపులో ఫ్యాన్ దగ్గర వోల్టేజీ కూడా చూశాను. బ్యాటరీ దగ్గర 13.9, ఫ్యాన్ ప్లగ్ దగ్గర 12.1. ఫ్యాన్‌తో పాటు వచ్చిన వైరు జుట్టులా ఉంది. 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, ఫ్యాన్‌కి దగ్గరగా రిలే పెడితే 13.6 వచ్చింది. చెవికే తేడా తెలిసింది.

ఇప్పుడు: నీడలో ఐడిల్‌లో పది నిమిషాల తర్వాత హై సైడ్ 268, లో సైడ్ 38, వెంట్ 10 డిగ్రీలు. కింది ప్రోబ్ 50 నుంచి 38కి దిగింది. క్లచ్ కోసేయడం ఆగింది. గంతేయాలనిపించింది నిజమే. కానీ హైవే మీద చాలాసేపు నడిపి నేరుగా ట్రాఫిక్‌లో ఆగితే 310 దాకా ఎక్కుతోంది. 34 డిగ్రీల రోజుకి ఐడిల్‌లో 250 దగ్గర ఉంటే నాకు తృప్తి. ఎండలు ముదిరితే ఈ మిగిలిన 60 పీఎస్‌ఐ మళ్లీ ఏడిపిస్తుంది.

మిగిలిన అనుమానమంతా ముందున్న 12 అంగుళాల పుషర్ ఫ్యాన్ మీదే. తోసే ఫ్యాన్ రెక్కల ముందున్నంత మేరే గాలిని తోస్తుంది, మూలలు ఖాళీ. రోడ్డు మీద వెళ్తున్నప్పుడు దాని మోటారే గాలికి అడ్డం. డబ్బా మీద రాసే సీఎఫ్ఎం (నిమిషానికి ఎన్ని ఘనపు అడుగుల గాలి) అంకె ముందూ వెనకా ఏ అడ్డూ లేనప్పుడు కొలిచింది, కండెన్సర్, రేడియేటర్ రెండూ అడ్డం పెట్టాక అందులో ఎంత మిగులుతుందో ఎవరూ రాయరు. ఇప్పుడున్నది పేరూ ఊరూ లేని సరుకు. ఫ్యాన్లు తయారుచేసే స్పాల్ వాళ్లు ప్రెషర్‌కి ఎదురుగా ఎంత గాలి వస్తుందో గ్రాఫ్ ఇస్తారు. అందుకే ఈసారి అదే.

బానెట్ వెనక అంచు కింద వాషర్లు పెట్టి పైకి లేపమని ఒక మిత్రుడి సలహా. నిలబడ్డప్పుడు వేడి బయటికి పోతుంది, కాదనను. కానీ బండి వేగం అందుకుంటే అద్దం మొదట్లో ప్రెషర్ ఎక్కువ, గాలి తిరిగి లోపలికే వస్తుంది. పైగా ఎంజీబీలో క్యాబిన్‌కి గాలి తీసుకునే జాలీ సరిగ్గా అక్కడే ఉంది. వేడి గాలిని క్యాబిన్ నోట్లో పోసి, ఆ తర్వాత దాన్ని ఏసీతో చల్లబరచడం నా వల్ల కాదు.

కాబట్టి పుషర్ పోతుంది. రేడియేటర్ వెనక కోర్ మొత్తాన్ని కప్పే ష్రౌడ్ (ఫ్యాన్ల చుట్టూ ఉండే తొడుగు), అందులో లాగే ఫ్యాన్లు రెండు, 11 అంగుళాలవి. కోర్‌కి ఫ్యాన్ రెక్కలకి మధ్య కనీసం 40 మిల్లీమీటర్లు ఉంచాలని ఉంది, కానీ వాటర్ పంప్ పుల్లీ దగ్గర మొత్తం దొరికేది 95. ఫ్యాన్ మోటారు మందం తీసేస్తే ఒక పక్క సరిపోతుంది, రెండో పక్క పుల్లీకి 6 మిల్లీమీటర్ల దూరమే. ఇంజిన్ మౌంట్ల మీద ఊగుతుంది కాబట్టి ఆ ఫ్యాన్‌ని పక్కకి జరపాలి. ష్రౌడ్‌కి అట్ట నమూనా కోస్తున్నాను. వేగంలో గాలి చిక్కుకోకుండా మూలల్లో రబ్బరు రెక్కలు పెట్టే ఆలోచన కూడా ఉంది. రెండు ఫ్యాన్లూ ఒకేసారి మొదలైతే ఆల్టర్నేటర్ ఎలా తట్టుకుంటుందో క్లాంప్ మీటర్‌తో చూశాకే రిలేల వైరింగ్ ముట్టుకుంటాను.