పెరోవ్‌స్కైట్ పొరను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూడటం

పెరోవ్‌స్కైట్ సోలార్ సెల్స్ (ఆ పేరున్న స్ఫటిక పదార్థపు పలుచని పొరతో సూర్యకాంతిని కరెంటుగా మార్చే సెల్స్) మీద కొత్తగా పనిచేసేవాళ్లు చాలామంది, పొర వేయడమే కష్టం, దాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో బొమ్మ తీయడం తేలిక అనుకుంటారు. నేనైతే తలకిందులుగా చెబుతాను. పొర పాడైతే సెల్ పనిచేయదు, తప్పు ఆ పూటే బయటపడుతుంది. బొమ్మ తప్పైతే ఎవరికీ తెలియదు. పైగా తప్పు బొమ్మ చూడటానికి చక్కగానే ఉంటుంది. ఈ పదార్థం ఎలక్ట్రాన్ల కింద పెట్టగానే మారిపోతుంది కాబట్టి, మనం చూస్తున్నది మనం వేసిన పొరనా, మన ఎలక్ట్రాన్ పుంజం చేసిన పొరనా అన్న ప్రశ్న ప్రతి బొమ్మకీ వేసుకోవాలి.

2009లో జపాన్‌లో త్సుతోము మియసాకా బృందం ఈ పదార్థంతో చేసి ప్రచురించిన సెల్ సామర్థ్యం 3.8 శాతం. 2012లో ద్రవ ఎలక్ట్రోలైట్ తీసేసి ఘన పొర పెట్టాక అది 10 శాతం దరికి వచ్చింది. ఇప్పుడు చిన్న సెల్స్‌లో 26 శాతం దాటింది. ఇంత వేగంగా ఎదిగిన రంగంలో బొమ్మలు కూడా అంతే వేగంగా పోగుపడ్డాయి. అందులో కొన్నింటిని మళ్లీ చూసుకోవాల్సి వచ్చింది.

అందరూ మొదట నేర్చుకునే పెరోవ్‌స్కైట్, మిథైల్ అమ్మోనియం లెడ్ అయొడైడ్‌నే తీసుకుందాం. 800 మైక్రోలీటర్ల డీఎంఎఫ్ (డైమిథైల్ ఫార్మమైడ్), 200 మైక్రోలీటర్ల డీఎంఎస్‌ఓ (గంధకం ఉన్న డైమిథైల్ సల్ఫాక్సైడ్) కలిపిన ద్రావణిలో 576 మిల్లీగ్రాముల లెడ్ అయొడైడ్, 199 మిల్లీగ్రాముల మిథైల్ అమ్మోనియం అయొడైడ్ వేస్తే రెండూ సమాన మోల్‌లు, దాదాపు 1.25 మోలార్. పూర్తిగా కరిగి లేత పసుపు రంగులో తేటగా ఉండాలి. 0.2 మైక్రాన్ పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్) ఫిల్టర్‌తో వడకట్టాలి. కరగని ఒక్క పలుకు మిగిలినా స్పిన్ చేసినప్పుడు (పలకను గిర్రున తిప్పి పొర పరిచేటప్పుడు) దాని వెనక తోకచుక్కలా గీత పడుతుంది. ఒక జాగ్రత్త: డీఎంఎఫ్ మామూలు నైట్రైల్ గ్లవ్స్‌లోంచి నిమిషాల్లో దూరిపోతుంది, కరిగిన లెడ్‌ను (సీసం) కూడా వెంట తీసుకుపోతుంది. చుక్క పడితే గ్లవ్ వెంటనే మార్చాలి.

ఎఫ్‌టీఓ (కరెంటు పారే పారదర్శక ఆక్సైడ్) పూత ఉన్న గాజు పలక మీద ద్రావణం పరిచి, నిమిషానికి 4000 చుట్ల వేగంతో 30 సెకన్లు తిప్పుతాం. మధ్యలో, సుమారు 8 నుంచి 10 సెకన్ల దగ్గర, క్లోరోబెంజీన్ 150 మైక్రోలీటర్లు ఒక్క ధారగా మధ్యలో పోయాలి. పిపెట్ మొన పలకకు సెంటీమీటరు ఎత్తులో ఉంటే చాలు. ఇది పెరోవ్‌స్కైట్‌ను కరిగించదు, డీఎంఎఫ్‌ను లాగేస్తుంది. దాంతో పొరంతటా ఒకేసారి స్ఫటిక బీజాలు పుడతాయి. తొందరపడి పోస్తే ద్రావణం ఇంకా చిక్కబడి ఉండదు, ధార దాన్ని తోసుకుపోతుంది, పొరలో బొక్కలు పడతాయి. ఆలస్యం చేస్తే పొర అప్పటికే మసకబారి సూదుల్లాంటి స్ఫటికాలు మొలుస్తాయి. ఆ క్షణం గది ఉష్ణోగ్రతను బట్టి, స్పిన్ కోటర్ గిన్నెలో పేరుకున్న ఆవిరిని బట్టి మారుతుంది కాబట్టి, పక్క ల్యాబ్‌లో 9 సెకన్లు పనిచేసిందంటే మీ దగ్గరా పనిచేయాలని లేదు. రెండేసి సెకన్ల తేడాతో ఐదారు పలకలు వేసి, మీ గదికి సరిపడే సమయం మీరే పట్టుకోవాలి.

సరిగా కుదిరితే స్పిన్ ఆగేసరికి పొర దాదాపు పారదర్శకంగా, అద్దంలా ఉంటుంది. లెడ్ అయొడైడ్, మిథైల్ అమ్మోనియం అయొడైడ్, డీఎంఎస్‌ఓ మూడూ కలిసిన మధ్యదశ అది. స్ఫటికం ఎదగడాన్ని నెమ్మది చేసేది ఆ డీఎంఎస్‌ఓనే. 100 డిగ్రీల హాట్‌ప్లేట్ మీద పెట్టగానే ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. 10 నిమిషాలు చాలు. ఎక్కువసేపు ఉంచితే మిథైల్ అమ్మోనియం ఎగిరిపోయి లెడ్ అయొడైడ్ పసుపు తేలుతుంది. పొర పాలలా తెల్లబడితే మొదట తేమను అనుమానించండి. తేమ 30 శాతం లోపుంటే నిశ్చింత. విశాఖ, కాకినాడల్లో వానాకాలం అది 80 శాతం దాటుతుంది. గ్లోవ్ బాక్స్ లేకుండా ఆ రోజుల్లో వేసిన పొరలను పోల్చి చూడటంలో అర్థం లేదు.

మైక్రోస్కోపు దగ్గరికి వెళ్లే ముందు ఎక్స్‌రే డిఫ్రాక్షన్ (ఎక్స్‌రేలు స్ఫటికం నుంచి ఏ కోణాల్లో చెదురుతాయో చూసే పరీక్ష) తీసుకోవడం తప్పనిసరి అంటాను. రాగి ఎక్స్‌రేతో 14.1, 28.4 డిగ్రీల దగ్గర పెరోవ్‌స్కైట్ శిఖరాలు వస్తాయి. లెడ్ అయొడైడ్ మిగిలితే 12.7 దగ్గర కనిపిస్తుంది. ఎలక్ట్రాన్లు తగలని పొర ఎలా ఉందో చెప్పే సాక్ష్యం ఇదే. తర్వాత వచ్చే ప్రతి సందేహానికీ దీన్నే తిరగేయాలి.

ఇక ఎస్‌ఈఎం, అంటే పుంజంతో ఉపరితలాన్ని స్కాన్ చేసే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు. పలక గాజు కాబట్టి చార్జ్ పోగుపడుతుంది. దానికి విరుగుడుగా పైన బంగారం స్పట్టర్ చేయడం (పలుచగా పూయడం) చాలాచోట్ల అలవాటు, నాకు నచ్చదు. ఆ బంగారానికి దానిదే నానో గరుకుదనం ఉంటుంది, దాన్నే పెరోవ్‌స్కైట్ ఉపరితలమని చదివే ప్రమాదం ఉంది. బదులుగా పలక అంచున పొరను గీకి, కింది ఎఫ్‌టీఓ నుంచి స్టబ్ (నమూనా పెట్టే లోహపు దిమ్మ) దాకా రాగి టేపు అతికిస్తే చాలు. వోల్టేజి 2 కిలోవోల్టులు, కరెంటు 25 పికోఆంపియర్లు, వర్కింగ్ డిస్టెన్స్ (కటకం నుంచి నమూనాకు దూరం) 3 నుంచి 4 మిల్లీమీటర్లు, ఇన్‌లెన్స్ డిటెక్టర్ (కటకం లోపల ఉండేది). 2 కిలోవోల్టుల ఎలక్ట్రాన్లు ఈ పదార్థంలో వంద నానోమీటర్ల లోపే ఆగిపోతాయి. 15 కిలోవోల్టుల దగ్గరైతే అర మైక్రాన్ పొరను దాటి కిందికి పోతాయి. అప్పుడు ఉపరితలం కన్నా లోపలిదే ఎక్కువ కనిపిస్తుంది.

మోతాదు, అంటే చదరపు ఆంగ్‌స్ట్రామ్‌కు (ఆంగ్‌స్ట్రామ్ నానోమీటరులో పదో వంతు) ఎన్ని ఎలక్ట్రాన్లు పడ్డాయన్న లెక్క, కాగితం మీద వేసుకోండి, కష్టమేమీ కాదు. 25 పికోఆంపియర్లంటే సెకనుకు 15.6 కోట్ల ఎలక్ట్రాన్లు. 5 మైక్రాన్లు, 4 మైక్రాన్ల ఫ్రేమ్ అంటే 200 కోట్ల చదరపు ఆంగ్‌స్ట్రామ్‌లు. 30 సెకన్లు స్కాన్ చేస్తే చదరపు ఆంగ్‌స్ట్రామ్‌కు సుమారు 2.3 ఎలక్ట్రాన్లు. అదే చోట పది రెట్లు జూమ్ చేసి మళ్లీ 30 సెకన్లు తీస్తే విస్తీర్ణం వంద రెట్లు తగ్గి, మోతాదు 230 దాటుతుంది. ఫోకస్ కోసం అక్కడే రెండు నిమిషాలు తచ్చాడితే ఎంతవుతుందో చెప్పనక్కర్లేదు. అందుకే ఫోకస్, ఆస్టిగ్మాటిజం (పుంజం గుండ్రంగా లేకపోవడం) ఒకచోట సరిచేసి, పుంజం ఆపి, స్టేజిని ఇరవై మైక్రాన్లు జరిపి, తాకని చోట మొదటి ఫ్రేమ్ తీసుకోవాలి. తర్వాత జూమ్ తగ్గించి చూస్తే ఇందాకటి చతురస్రం వేరే రంగులో కనిపిస్తే ఆ మోతాదు ఎక్కువైనట్టే.

గ్రెయిన్ల (పొరలోని చిన్న చిన్న స్ఫటికాల) సందుల్లో కనిపించే చిన్న బొక్కల విషయంలో ఈ పరీక్ష మరీ అవసరం. మొదటి ఫ్రేమ్‌లో లేనివి మూడో ఫ్రేమ్‌లో ఉంటే, అవి పుంజం చేసినవి. మిగతావాటికన్నా తెల్లగా మెరిసే రేకులు చాలాసార్లు లెడ్ అయొడైడే, కానీ 12.7 శిఖరం లేకుండా ఆ మాట రాయకూడదు. ఇంకో సంగతి, ఎస్‌ఈఎంలో గీతల మధ్య కనిపించేదాన్నల్లా స్ఫటిక గ్రెయిన్ అని కొలిచేస్తారు. అది ఉపరితల ఆకారం మాత్రమే. ఒక్క ముద్దలా కనిపించేదానిలో వేర్వేరు దిశల స్ఫటికాలుండవచ్చు. దాన్ని తేల్చడానికి ఈబీఎస్‌డీ (వెనక్కి చెదిరిన ఎలక్ట్రాన్లతో స్ఫటికాల దిశ చూసే పద్ధతి) కావాలి.

ఈడీఎక్స్‌తో (పుంజం తగిలినప్పుడు మూలకాలు వదిలే ఎక్స్‌రేల శక్తిని కొలిచే పద్ధతి) మూలకాలు చూసేటప్పుడు సాఫ్ట్‌వేర్ పెట్టే రంగులను నమ్మకండి. పొరలో డీఎంఎస్‌ఓ మిగిలిందా అని గంధకం వెతికితే దొరికినట్టే ఉంటుంది. ఎందుకంటే గంధకం గీత (అది వదిలే ఎక్స్‌రే శక్తి) 2.31 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, సీసం ఎం గీత 2.34, ఈ డిటెక్టర్ రెంటినీ విడదీయలేదు. టైటానియం 4.51 గీత మీద అయొడిన్ గీత ఒకటి పడుతుంది. తగరం (టిన్) గీతల్లో ఒకటి అయొడిన్ 3.94కు ఆనుకునే ఉంటుంది. అంటే టైటానియా (టైటానియం ఆక్సైడ్) మీద వేసినా, టిన్ ఆక్సైడ్ మీద వేసినా, అయొడిన్ కింది పొరలోకి దిగిందని చెప్పే ముందు స్పెక్ట్రమ్‌నే కళ్లతో చూడాలి.

టీఈఎంలో (ఎలక్ట్రాన్లు నమూనాను దాటి వెళ్లే మైక్రోస్కోపులో) సమస్య ఇంకా ముదురుతుంది. మామూలు హై రిజల్యూషన్ బొమ్మకు చదరపు ఆంగ్‌స్ట్రామ్‌కు వేల ఎలక్ట్రాన్లు పడతాయి. ఈ పదార్థం వంద లోపే మారడం మొదలుపెట్టి, మిథైల్ అమ్మోనియం పోగొట్టుకుని, చివరికి లెడ్ అయొడైడ్‌గా మిగులుతుంది. పెరోవ్‌స్కైట్ అని ప్రచురించిన కొన్ని డిఫ్రాక్షన్ బొమ్మలు నిజానికి లెడ్ అయొడైడ్‌వని తర్వాత తేలింది, ఎందుకంటే రెంటిలోనూ అణు వరుసల మధ్య దూరాలు చాలావరకు దగ్గరదగ్గరగా కలుస్తాయి. తేడా పట్టించేది డిఫ్రాక్షన్ బొమ్మలో 6.3 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరాన్ని చూపే చుక్క. అది పెరోవ్‌స్కైట్‌కు ఉండి తీరాలి. స్ఫటికం సరైన దిశలో తిరిగి ఉండీ ఆ చుక్క లేకపోతే, మిగతా చుక్కలు ఎంత పదునుగా ఉన్నా ఆ స్ఫటికం దెబ్బతిన్నదే.

ద్రవ నైట్రోజన్ హోల్డర్ పెట్టి చల్లబరిస్తే సరిపోతుందన్నది తరచూ వినిపించే సలహా. కానీ దాదాపు 160 కెల్విన్ కింద ఈ స్ఫటికం టెట్రాగోనల్ అమరిక నుంచి ఆర్థోరాంబిక్ అమరికకు మారిపోతుంది. గది ఉష్ణోగ్రతలో పనిచేసే సెల్ నిర్మాణం మనకు కావాలంటే అది పనికిరాదు. అందుకే గది ఉష్ణోగ్రతలోనే, పుంజాన్ని వెడల్పు చేసి, తాకని చోట ముందు డిఫ్రాక్షన్ తీసుకుని, 6.3 చుక్క చూసుకున్నాకే బొమ్మ మోడ్‌లోకి వెళ్లి, చివర మళ్లీ అదే చోట డిఫ్రాక్షన్ తీయమని చెబుతాను. రెండో డిఫ్రాక్షన్‌లో ఆ చుక్క మసకబారితే మధ్యలో తీసిన బొమ్మలు పక్కన పెట్టి, మోతాదు సగానికి తగ్గించి కొత్త చోట మొదలుపెట్టాలి.