బర్లింగ్టన్‌లో బెర్నీ జాడలు

వెర్మాంట్ రాష్ట్రం అనగానే బోస్టన్ చుట్టుపక్కల మనవాళ్లకు అక్టోబరు ఆకుల రంగులే గుర్తొస్తాయి. మేమూ ఆ రోజుల్లోనే వెళ్లాం, కానీ అక్కడి సెనేటర్ బెర్నీ శాండర్స్ జాడలు చూడటానికి, ఆయన ఒకప్పుడు మేయరుగా చేసిన బర్లింగ్టన్ ఊరికి. అమెరికా కాంగ్రెస్ చరిత్రలో అందరికంటే ఎక్కువ కాలం ఇండిపెండెంట్‌గా కొనసాగిన సభ్యుడాయన. మధ్యమధ్యలో సినిమాల్లోనూ తళుక్కుమన్నారు. ఆయన పేరు మీద మ్యూజియమో విగ్రహమో ఉంటుందనుకుని వెళ్తే నిరాశ తప్పదు. ఎక్కడ ఏం జరిగిందో ముందే చదువుకుని వెళ్లాలి.

బోస్టన్ నుంచి ఐ-93 హైవే పట్టుకుని ఉత్తరానికి వెళ్లి, న్యూ హాంప్‌షైర్‌లో కాంకర్డ్ పొలిమేరలో ఐ-89కి మళ్లాలి. మొత్తం 215 మైళ్లు, ఆగకుండా వెళ్తే మూడున్నర గంటలు. వెర్మాంట్‌లో రోడ్డు పక్కన ప్రకటనల హోర్డింగులు ఉండవు. 1968లోనే చట్టం చేసి తీసేశారు. శాండర్స్ ఆ రాష్ట్రానికి మకాం మార్చిందీ ఆ ఏడే. కంటికి హాయిగానే ఉంటుంది గానీ, హోటలో పెట్రోలు బంకో వస్తోందని ముందుగా చెప్పే పెద్ద బోర్డులు లేక ఎగ్జిట్లు దాటిపోతుంటాయి. కొండల మధ్య ఫోన్ సిగ్నల్ కూడా పోతుంది కాబట్టి మ్యాపును ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి.

ఎగ్జిట్ 8 దగ్గర దిగితే రాష్ట్ర రాజధాని మాంట్‌పీలియర్. బంగారు గుమ్మటం ఉన్న స్టేట్ హౌస్‌కు నడక దూరంలోనే కెల్లాగ్-హబ్బార్డ్ లైబ్రరీ ఉంది. దీనికి శాండర్స్‌తో సంబంధం లేదు, కానీ తెర మీద కనిపించిన సెనేటర్ల గురించి వచ్చి దీన్ని వదిలేస్తే ఎలా? వెర్మాంట్ నుంచి ఆయనతోపాటు సెనేట్‌లో కూర్చున్న ప్యాట్రిక్ లేహీ బ్యాట్‌మ్యాన్ వీరాభిమాని. 2008లో వచ్చిన ‘ద డార్క్ నైట్’లో జోకర్‌కు ఎదురు మాట్లాడే పెద్దమనిషి ఆయనే. చిన్నప్పుడు కామిక్స్ చదువుకున్న ఈ లైబ్రరీకే బ్యాట్‌మ్యాన్ సినిమా పాత్రల మీద వచ్చిన డబ్బు ఇచ్చేశారు. లేహీ మాత్రం డెమొక్రాట్. బర్లింగ్టన్ విమానాశ్రయానికి 2023లో పెట్టింది కూడా ఆయన పేరే. దిగగానే లేహీ పేరు చూసి ఊరు మారిందేమోనని కంగారుపడక్కర్లేదు.

బర్లింగ్టన్‌కు ఎగ్జిట్ 14 వెస్ట్. అక్కడ దిగితే మెయిన్ స్ట్రీట్ యూనివర్సిటీ కొండ ఎక్కి, అవతల సరస్సు వైపు దించేస్తుంది. కారు ఏదైనా గ్యారేజీలో పెట్టేసి నడవడమే మంచిది. చర్చ్ స్ట్రీట్‌లో నాలుగు బ్లాకుల మేర వాహనాలకు ప్రవేశం లేదు, అంతా ఇటుకలు పరిచిన దారి. ఉత్తరం చివర 1816 నాటి యూనిటేరియన్ చర్చి, దక్షిణం చివర సిటీ హాల్.

1981 మార్చి 3న శాండర్స్ పట్టుమని పది ఓట్ల తేడాతో మేయరుగా గెలిచి అడుగుపెట్టింది ఈ సిటీ హాల్లోకే. అంతకుముందు లిబర్టీ యూనియన్ అనే చిన్న పార్టీ తరఫున రెండుసార్లు సెనేట్‌కు, రెండుసార్లు గవర్నర్ పదవికి నిలబడి, నాలుగుసార్లూ ఓడి, 1977లో ఆ పార్టీనీ వదిలేశారు. గెలిచాక మాత్రం కుర్చీ కుదురుగా ఉందా అంటే లేదు. 13 మంది ఆల్డర్‌మెన్‌లలో, అంటే నగర మండలి సభ్యుల్లో, అత్యధికులు ఎదుటి పక్షమే. ఆయన ప్రతిపాదించిన అధికారుల నియామకాలను తిరస్కరించారు. ఆయనేమో తర్వాతి ఎన్నికల్లో తనవాళ్లను గెలిపించుకుని 1989 వరకు మేయరుగా నెట్టుకొచ్చారు.

ఇండిపెండెంట్ గెలిస్తే మన దగ్గర మొదటి ప్రశ్న, ‘ఏ పార్టీలో చేరతాడు?’ దానికి ఇక్కడ దొరికే జవాబు కాస్త తిరకాసుగా ఉంటుంది. వెర్మాంట్ ఓటర్లు పార్టీ పేరుతో నమోదు కారు, ఏ పార్టీ ప్రైమరీలోనైనా, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, ఓటేయొచ్చు. శాండర్స్ డెమొక్రాట్ల ప్రైమరీలో పోటీచేసి గెలుస్తారు, ఆ వెంటనే ఆ నామినేషన్ వద్దంటారు, నవంబరు బ్యాలెట్‌లో ఇండిపెండెంట్‌గా ఉంటారు. దాంతో డెమొక్రాట్ల ఓటు చీలదు, ఆయన ముద్రా చెరగదు. సెనేట్‌లో డెమొక్రాట్లతో కలిసి కూర్చుంటారు కాబట్టి కమిటీల్లో సీనియారిటీ దక్కుతుంది. 2021 నుంచి 2023 వరకు బడ్జెట్ కమిటీ అధ్యక్షుడు కాగలిగింది అలాగే. ఏ పక్షంతోనూ కలవకపోతే మాట్లాడటానికి మైకు ఉంటుంది గానీ కమిటీ ఉండదు.

శాండర్స్ సెనేట్ సీటుకు ముందు నుంచే ఇండిపెండెంట్ వాసన ఉంది. బ్యాటరీ స్ట్రీట్‌లో సరస్సుకు ఎదురుగా ఉన్న హోటల్, అప్పట్లో రాడిసన్, అప్పటి వెర్మాంట్ సెనేటర్ జిమ్ జెఫర్డ్స్ 2001 మే 24న రిపబ్లికన్ పార్టీని వీడుతున్నానని ప్రకటించిన చోటు. అప్పుడు సెనేట్‌లో బలాబలాలు 50-50. ఆయనొక్కరు లేచి రావడంతో సభ పగ్గాలే చేతులు మారాయి. 2006లో ఆయన తప్పుకుంటే ఆ సీటు శాండర్స్‌కు వచ్చింది. అప్పటికే 16 ఏళ్లు ప్రతినిధుల సభలో ఉన్నారాయన.

హోటల్ నుంచి నాలుగు అడుగులేస్తే వాటర్‌ఫ్రంట్. ‘ఊరు అమ్మకానికి లేదు’ అన్న మేయరే దీన్ని బిల్డర్ల నుంచి కాపాడారని చెప్పేస్తుంటారు. పూర్తి నిజం కాదు. 1985లో అపార్ట్‌మెంట్లు, హోటలు, దుకాణాలతో వచ్చిన ప్లానును మార్పులతో శాండర్సే సమర్థించారు. దానికి డబ్బు సమకూర్చే బాండ్లకు ఊరి ఓటర్లలో మూడింట రెండొంతుల ఓట్లు కావాలి, సగానికి పైగా వచ్చినా అంత రాలేదు. సరస్సును పూడ్చిన భూమి ప్రజల అవసరాలకే వాడాలని 1989లో రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పాక ఇప్పటి పార్కుకు దారి పడింది. 2015 మే 26న శాండర్స్ అధ్యక్ష పదవికి ప్రచారం మొదలుపెట్టిన సభ ఇక్కడే. అడిరాండాక్ కొండల వెనక్కి పొద్దు వాలేటప్పుడు మేపుల్ క్రీమీ చేతిలో పట్టుకుని కూర్చోవచ్చు. క్రీమీ అంటే ఇక్కడి సాఫ్ట్ ఐస్‌క్రీమ్. గాలికి త్వరగా కారుతుంది, చిన్నదే తీసుకోండి.

ఇక తెర సంగతి. నా లెక్కలో ఆయన అసలు స్టూడియో ఈ ఊరి కేబుల్ ఛానలే. వీధుల వెంట తీగలు లాగినందుకు బదులుగా కేబుల్ కంపెనీ ఊరికి ఒక ఛానలు, కొంత నిధి ఇవ్వాలి. అలా 1984లో పుట్టిన కమ్యూనిటీ టీవీలో 1986 నుంచి 1988 దాకా ఆయనే మైకు పట్టుకుని జనాన్ని పలకరించారు. మాల్‌లో జుట్టుకు రంగేసుకున్న పంక్ కుర్రాళ్లను నిలబెట్టి ప్రశ్నలడిగే భాగం తప్పక చూడాలి. కొట్టిపారేయరు, ముద్దుచేయరు, అడిగి వింటారు. టేపులన్నీ డిజిటల్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టారు. బయల్దేరేముందు రెండు మూడు భాగాలు చూస్తే చర్చ్ స్ట్రీట్ నడక వేరేగా ఉంటుంది. అంతకుముందు, 1979లో, సోషలిస్టు నాయకుడు యూజిన్ డెబ్స్ మీద అరగంట చిత్రం తీసి, డెబ్స్ మాటలను తన గొంతుతోనే చదివారు. ఇండియానా మనిషి, శాండర్స్ పుట్టిపెరిగిన న్యూయార్క్ బ్రూక్లిన్ యాసలో గర్జిస్తుంటే నవ్వొస్తుంది.

కథాచిత్రాల్లో పాత్రలు చిన్నవే. 1988 నాటి ‘స్వీట్ హార్ట్స్ డాన్స్’లో హాలోవీన్ రాత్రి పిల్లలకు మిఠాయిలు పంచుతారు. రెప్పపాటులో పోతుంది. ఆ సినిమా చాలామటుకు తీసిన హైడ్ పార్క్ అనే పల్లె రూట్ 15 మీద గంటలోపు ప్రయాణం. 1999లో ఒక పెళ్లి హాస్యచిత్రంలో రబ్బీ (యూదు మతగురువు) మానీ షెవిట్జ్‌గా వేశారు. ఆశీర్వదించాల్సినవాడు డాడ్జర్స్ బేస్‌బాల్ జట్టు బ్రూక్లిన్ వదిలి వెళ్లిపోయిందని వాపోతాడు. 1957లో ఆ జట్టు చివరి ఆట ఆడినప్పుడు బ్రూక్లిన్‌లో శాండర్స్‌ది పదహారేళ్ల వయసు కాబట్టి, అది పూర్తిగా నటన అనుకోను.

న్యూయార్క్ మీదుగా వచ్చేవాళ్లకు ఇంకో దారి ఉంది. 2022 జూలై నుంచి ఈథన్ అలెన్ ఎక్స్‌ప్రెస్ బర్లింగ్టన్ దాకా వస్తోంది. రోజుకు ఒక్కటే రైలు, దాదాపు ఏడున్నర గంటలు పడుతుంది, స్టేషన్ సరస్సు ఒడ్డునే. అటు వెళ్లినప్పుడు రాక్‌ఫెల్లర్ సెంటర్‌లో, ‘శాటర్డే నైట్ లైవ్’ అనే టీవీ హాస్య కార్యక్రమం తీసే 8హెచ్ స్టూడియో ఉన్న భవనానికి టికెట్ టూర్ ఉంది. 2016 ఫిబ్రవరి 6న, న్యూ హాంప్‌షైర్ ప్రైమరీకి మూడు రోజుల ముందు, తనను అనుకరించే హాస్యనటుడు లారీ డేవిడ్ పక్కనే వలస ఓడ ప్రయాణికుడిగా శాండర్స్ కనిపించింది ఆ స్టూడియోలోనే. రిహార్సల్స్ ఉంటే ఆ స్టూడియోలోకి పంపరు, కాబట్టి ముందే కనుక్కుని వెళ్లండి.