తైవాన్ పంపు మొరాయించిన మూడు రోజులు

2025 సెప్టెంబరు చివర్లో ఒక సాయంత్రం మా మిరప తోటలో నాలుగైదు సాళ్ళలో ఆకులు పైకి ముడుచుకుని కనపడ్డాయి. కింది ముడత అయితే నల్లి, పై ముడత అయితే తామర పురుగు. 2021లో నల్ల తామర పురుగు గుంటూరు చుట్టుపక్కల తోటల్ని ఏం చేసిందో కళ్ళారా చూసినవాణ్ణి. ఇక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మందు తెచ్చి పెట్టుకుని, తెల్లవారగానే షెడ్డులోంచి తైవాన్ పంపు, అంటే వీపున వేసుకుని మందు కొట్టే పెట్రోలు ఇంజన్ స్ప్రేయర్, బయటికి తీశాను.

తాడు లాగాను. ఉలుకు లేదు, పలుకు లేదు. చోక్ వేసి లాగాను, తీసి లాగాను. ముప్పై సార్లు లాగేసరికి భుజం పట్టేసింది. జనవరి నెలాఖరులో ఆఖరి మందు కొట్టినప్పుడు గంటల తరబడి ఆగకుండా నడిచిన ఇంజన్ అది. ప్లగ్ పోయిందనుకుని కొత్తది వేశాను. అయినా అంతే. ఆ రోజు మా బాబాయ్ దగ్గర బ్యాటరీ పంపు అడిగి తెచ్చుకుని అరెకరం మాత్రం కొట్టగలిగాను.

రెండో రోజు గుంటూరులో ఒక రిపేరు షాపుకి పట్టుకెళ్ళాను. అతను ఐదు నిమిషాలు చూసి, "కార్బొరేటర్ పోయింది, మార్చాల్సిందే" అన్నాడు. పెట్రోలుని గాలితో కలిపి ఇంజన్‌కి అందించే భాగం అది. టెన్షన్‌లో ఉన్నాను కదా, సరే అన్నాను. ట్యాంకు ఒంపేసి, తన పెట్రోలు పోసి లాగితే వెంటనే అందుకుంది. తొమ్మిది వందలు ఇచ్చి సంతోషంగా ఇంటికొచ్చాను. మర్నాడు పొద్దున్నే షెడ్డులో ఉన్న నా డబ్బాలోంచి ట్యాంకు నింపి చేలోకి దిగాను. పావుగంట నడిచింది. దగ్గింది, ఆగింది, మళ్ళీ లేవలేదు. కొత్త కార్బొరేటర్ కూడా పోయిందంటే నమ్మాలా?

ఈసారి ఏటుకూరు రోడ్డు వైపు స్ప్రేయర్లు, గడ్డి కోసే మిషన్లు బాగుచేసే ఒక భాయ్ దగ్గరికి వెళ్ళాను. ఆయన స్క్రూడ్రైవర్ ముట్టుకోకముందే అడిగిన మొదటి మాట: "అన్నా, ఇందులో పెట్రోలు ఎప్పటిది?"

జనవరిదని చెప్పాను. డబ్బా తెచ్చారా అన్నాడు. అదృష్టం కొద్దీ బండి మీదే ఉంది. అడుగున ఉన్నది కూడా వచ్చేలా డబ్బాని బాగా కలియదిప్పి, ఖాళీ నీళ్ళ సీసాలోకి కొంచెం ఒంపి గట్టు మీద పెట్టి, టీ తాగి వద్దామన్నాడు. తిరిగొచ్చేసరికి సీసాలో రెండు పొరలు. పైన 2టీ ఆయిల్ (ఇంజన్ అరగకుండా పెట్రోలులో కలిపే నూనె) రంగుతో పెట్రోలు, అడుగున మసకగా ఇంకో ద్రవం. మూత దగ్గర వాసన చూస్తే పెట్రోలులా లేదు, పాత వార్నిష్‌లా పుల్లగా ఉంది.

నాకు అర్థం కావడానికి ఆయన ఇంకో పని చేశాడు. బంకులో అప్పుడే తెచ్చిన పెట్రోలు వంద మిల్లీలీటర్లు, మంచినీళ్ళు పది మిల్లీలీటర్లు కొలిచి ఒక సీసాలో పోసి ఊపాడు. నీళ్ళు పది పోస్తే పదే అడుగున చేరాలి కదా? దాదాపు ముప్పై చేరింది. ఆ ఎక్కువ వచ్చినదంతా ఇథనాల్, అంటే పెట్రోలులో కలిపి అమ్మే ఆల్కహాల్. 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలైన ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు 2025 నాటికి దేశమంతటా వచ్చేసింది. రోజూ వాడే బండిలో పోసింది పోసినట్టు ఖర్చవుతుంది కాబట్టి నిల్వ ఉండే సమస్య రాదు. నెలల తరబడి మూలన పడుండే చిన్న ఇంజన్ సంగతి వేరు. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది. నీరు ఒక హద్దు దాటితే ఆ రెండూ కలిసి పెట్రోలుని వదిలేసి కిందికి దిగిపోతాయి. ట్యాంకులో పెట్రోలు లాగే ఫిల్టరు ఉండేది సరిగ్గా అడుగునే. పైగా ఆయిల్ పైపొరలోనే ఉండిపోతుంది. అంటే ఇంజన్ ఒకవేళ నడిచినా ఆయిల్ లేకుండా నడుస్తుంది. పిస్టన్ పట్టేస్తే ఇక పెద్ద ఖర్చే. ఆ మాట విన్నాక నా ఇంజన్ ఆగిపోవడమే మంచిదైందనిపించింది.

నీరెక్కడిదని వెతకక్కర్లేకపోయింది. సగం ఖాళీ డబ్బా, సరిగా పట్టని మూత, పైన కారే రేకు. వానాకాలమంతా అక్కడే ఉంచాను.

తర్వాత పాత కార్బొరేటర్ ఏదని అడిగాడు. షాపతను కవర్లో వేసి ఇచ్చింది చూపించాను. విప్పాడు. లోపల రెండు పల్చటి రబ్బరు పొరలుంటాయి. ఒకటి ఇంజన్ ఊపిరికి ఆడుతూ పెట్రోలుని తోడుతుంది, రెండోది సూదిని తెరుస్తూ మూస్తూ ఎంత కావాలో అంత వదులుతుంది. ఆ రెండూ ఎండిన అప్పడంలా బిగుసుకుపోయాయి. పెట్రోలు వచ్చే సన్న జెట్ కంతలో తేనె రంగు జిగురు. పెట్రోలులో తేలికగా ఆవిరయ్యే భాగం గుంటూరు ఎండలకి ఎగిరిపోతే మిగిలేది ఆ జిగురే. "నూట యాభై రూపాయల పొరల కిట్టు, క్లీనర్ స్ప్రే చాలు దీనికి" అన్నాడు. తొమ్మిది వందలు పోయినందుకు కాదు, రెండు రోజులు పోయినందుకు నాకు కోపం వచ్చింది.

ఆయన పని చేసే వరుస చూసి నేర్చుకున్నాను. ముందు ప్లగ్ విప్పి చూస్తాడు. చాలాసార్లు లాగాక కూడా ప్లగ్ పొడిగా ఉందంటే పెట్రోలు అందడం లేదు. తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది, నిప్పు సంగతి చూడాలి, లేదా లోపల ముంచెత్తిందన్నమాట. పొడిగా ఉంటే ప్లగ్ కంతలో రెండు చుక్కలు మంచి పెట్రోలు వేసి, ప్లగ్ బిగించి లాగుతాడు. రెండు సెకన్లు పలికి ఆగిందంటే ఇంజన్ బాగానే ఉంది, లోపం ట్యాంకుకీ కార్బొరేటర్‌కీ మధ్యనే. జెట్‌లోకి సూదులు, ఇనప తీగలు గుచ్చొద్దని గట్టిగా చెప్పాడు. కంత వెడల్పైతే ఆ కార్బొరేటర్ ఇక మాట వినదు. క్లీనర్ స్ప్రే కొట్టేటప్పుడు కళ్ళద్దాలు పెట్టుకోమన్నాడు. ఆ మందు సన్న కంతలోంచి ఎగిరి నేరుగా కంట్లోకే వస్తుంది.

ట్యాంకు రెండుసార్లు కడిగి, ఫిల్టరు, గట్టిపడిన పైపు మార్చి, కొత్త కార్బొరేటర్‌ని కూడా విప్పి శుభ్రం చేశాడు. మూడో లాగుకి అందుకుంది. చీకటి పడేలోపు ఎకరంన్నర కొట్టాను.

ఇప్పుడు ఒకసారికి లీటరు పెట్రోలుకి మించి ఆయిల్ కలిపి పెట్టను. నా మిషన్‌కి ఇరవై ఐదుకి ఒకటి, అంటే లీటరుకి 40 మిల్లీలీటర్ల ఆయిల్. యాభైకి ఒకటి అని పుస్తకంలో రాసిన మిషన్లకి 20 చాలు. సీసా మూతతో అందాజుగా పోసే అలవాటు మా వైపు చాలామందికి ఉంది, దయచేసి మానండి. ఎక్కువైతే ప్లగ్ మసిబారుతుంది, తక్కువైతే పిస్టన్ పోతుంది. ప్లాస్టిక్ డబ్బా తీసేసి గట్టి మూతున్న ఇనప డబ్బా కొన్నాను, దాని మీద కలిపిన తారీఖు రాస్తాను. నెల దాటింది మిషన్‌లో పోయను. సీజన్ అయిపోగానే ట్యాంకు ఒంపేసి, మిగిలిన చుక్కలతో ఇంజన్ తనంతట తాను ఆగేదాకా నడిపి అప్పుడు షెడ్డులో పెడతాను.

నవంబరులో ఒకసారి మళ్ళీ ఆగింది. పది నిమిషాలు నడవడం, ఆగడం, కాసేపాగితే లేవడం. ఈసారి కంగారు పడలేదు. ట్యాంకు మూత కొద్దిగా వదులు చేసి చూస్తే ఆగకుండా నడిచింది. మూతలో గాలి ఆడే సన్న కంతకి మందు పొడి, దుమ్ము అడ్డుపడ్డాయి. కడిగి పెట్టాను. ఆ సాయంత్రమే బాబాయ్ తన గడ్డి మిషన్ భుజాన వేసుకొచ్చాడు. "ఒరేయ్, ఇది కూడా లేవట్లేదు, కాస్త చూడు" అన్నాడు. నేను ముందు పెట్రోలు డబ్బా తెమ్మన్నాను.