అంబాసిడర్ 1489 డిస్ట్రిబ్యూటర్: మార్చడం, టైమింగ్ పెట్టడం

పికప్ లేదు, ఘాట్ ఎక్కడం లేదు, ఐడిల్‌లో ఇంజిన్ ఊగుతోంది అనగానే చాలామంది చెయ్యి నేరుగా డిస్ట్రిబ్యూటర్ (కాయిల్ కరెంటును వరుసగా ఒక్కో ప్లగ్గుకు పంచే భాగం) మీదికే పోతుంది. క్లాంపు బోల్టు వదులు చేసి, బాడీని అటూ ఇటూ తిప్పి, మోత బాగుందనిపించిన చోట బిగించేస్తారు. 1959లో అంబాసిడర్‌లోకి వచ్చిన 1489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజిన్ (బీఎంసీ బీ-సిరీస్) ఇలాంటివి ఓర్చుకుంటుంది. అందుకే అసలు రోగం లోపలే ఉండిపోతుంది. టైమింగ్, అంటే స్పార్కు పడే క్షణం పెట్టడం, చివరి పని. దానికంటే ముందు షాఫ్టు, ఆ తర్వాత పాయింట్ల (తెరుచుకుంటూ మూసుకుంటూ కాయిల్ కరెంటును తెంచే జత) గ్యాపు చూడాలి.

క్యాప్ తీసి రోటర్ ఉండే షాఫ్టును వేళ్లతో పట్టుకుని పక్కలకు ఊపండి. ఆట కంటికి కనిపిస్తే బుష్ అరిగినట్టే. నమ్మకం కుదరకపోతే నాలుగు క్యామ్ మొనల మీదా గ్యాపు కొలవండి. ఒకచోట 0.35 మి.మీ., ఇంకోచోట 0.45 వస్తే ఒక్కో సిలిండర్ ఒక్కో టైమింగ్‌లో పేలుతోందన్నమాట. అలాంటి బండికి బాడీ ఎంత తిప్పినా లాభం లేదు. లేత్ షాపులో బుష్ వేయించాలి, లేదా యూనిట్ మార్చాలి. తర్వాత రోటర్‌ను చేత్తో అపసవ్య దిశలో కొంచెం తిప్పి వదలండి, స్ప్రింగులు దాన్ని వెంటనే వెనక్కి లాగాలి. బద్ధకంగా వస్తే లోపలి వెయిట్లు (వేగాన్ని బట్టి టైమింగ్‌ను ముందుకు జరిపే బరువులు) తుప్పు పట్టి ఉంటాయి. వాక్యూమ్ గొట్టాన్ని నోటితో పీల్చి నాలుకతో మూయండి. పాయింట్ల ప్లేటు జరిగి అలాగే నిలవాలి. నిలవకపోతే డయాఫ్రమ్ చిరిగింది. టాప్ గేర్‌లో మామూలు వేగంతో పోయేటప్పుడు మైలేజీ తినేది ఇదే.

విప్పే ముందు ఒకటో సిలిండర్‌ను కంప్రెషన్‌లో టీడీసీకి (పిస్టన్ పూర్తిగా పైకి చేరిన స్థానానికి) తేవాలి. ఒకటోది రేడియేటర్ వైపున్నది. దాని ప్లగ్గు తీసి రంధ్రం మీద బొటనవేలు పెట్టి, హ్యాండిల్‌తో ఇంజిన్ తిప్పితే కంప్రెషన్ స్ట్రోకులో గాలి వేలిని తోస్తుంది. వాల్వ్ కవర్ తీసి ఉంటే ఇంకా తేలిక: నాలుగో సిలిండర్ రెండు వాల్వులూ ఒకటి మూసుకుంటూ ఇంకొకటి తెరుచుకుంటూ ఉన్న క్షణంలో ఒకటోది కంప్రెషన్ టీడీసీలో ఉంటుంది. రోటర్ ఎటు చూస్తోందో బాడీ మీద పెయింటుతో గీత పెట్టుకోండి. ఆ తర్వాత క్లాంపు ప్లేటును బ్లాకుకు పట్టి ఉంచే రెండు చిన్న బోల్టులు మాత్రమే విప్పండి. బాడీని బిగించి ఉంచే పించ్ బోల్టును కదపకుండా పాత యూనిట్‌నే తిరిగి పెడితే టైమింగ్ ఉన్నచోటే ఉంటుంది.

డ్రైవ్ గేరు ఇంజిన్‌లోనే ఉండిపోతుంది. షాఫ్టు అడుగున ఉన్న నాలుక మధ్యలో కాకుండా ఒక పక్కకు జరిగి ఉంటుంది కాబట్టి గాడిలో ఒకే రకంగా కూర్చుంటుంది. అయితే రిపేరు చేసిన యూనిట్లలో ఆ నాలుకను పిన్ను కొట్టేటప్పుడు 180 డిగ్రీలు తిప్పి వేసి ఉండొచ్చు. పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి, రోటర్ గాడి, కింది నాలుక ఒకే వరుసలో ఉన్నాయా చూడండి. లేకపోతే ఇంజిన్ స్టార్ట్ కాదు, కార్బ్యురేటర్‌లోంచి మంట తన్నుతుంది. గేరే బయటికి తీయాల్సి వస్తే దాని నడిమి మరలోకి 5/16 యూఎన్ఎఫ్ పొడవాటి బోల్టు ఎక్కించి లాగండి.

పాయింట్లు వేసేటప్పుడు ఎక్కువగా జరిగే పొరపాటు టెర్మినల్ దగ్గర. కాయిల్ వైరు, కండెన్సర్ (పాయింట్ల మధ్య మంటను తగ్గించేది) వైరు రెండూ పాయింటు స్ప్రింగుకే తగలాలి, పోస్టుకు గానీ నట్టుకు గానీ తగలకూడదు. ప్లాస్టిక్ బుష్‌ను తలకిందులు చేస్తే మొత్తం ఎర్త్ అయిపోతుంది, స్పార్కు అసలు రాదు. కొత్త పాయింట్ల మీద నూనె పొర ఉంటుంది, పెట్రోలు గుడ్డతో తుడవండి. ఫైబర్ మడమ సరిగ్గా క్యామ్ మొన మీద ఉన్నప్పుడు గ్యాపు 0.35 నుంచి 0.40 మి.మీ., అంటే 14 నుంచి 16 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు). డ్వెల్ (పాయింట్లు మూసి ఉండే కోణం) కొలిచే మీటరు ఉంటే 60 డిగ్రీలు, మూడు అటూ ఇటూ. క్యామ్‌కు గ్రీజు పూతగా చాలు, ఎక్కువైతే ఎగిరి పాయింట్ల మీద పడి కాలుతుంది. రోటర్ పీకి, కింద కనిపించే స్క్రూ తల మీద రెండు చుక్కల ఇంజిన్ ఆయిల్ వేయండి. స్క్రూ విప్పనక్కర్లేదు.

గ్యాపు ముందు ఎందుకంటే, అది పెరిగితే పాయింట్లు ముందుగా తెరుచుకుని టైమింగ్ అడ్వాన్స్ అవుతుంది (స్పార్కు ముందే పడుతుంది), తగ్గితే రిటార్డ్ అవుతుంది (ఆలస్యంగా పడుతుంది). టైమింగ్ పెట్టాక గ్యాపు ముట్టుకుంటే మళ్లీ మొదటికి వచ్చినట్టే.

ఇక టైమింగ్. క్రాంక్ పుల్లీ అంచున ఒక గాటు, టైమింగ్ కవర్ కింద మూడు ములుకులు ఉంటాయి. పొడవైనది టీడీసీ, మిగతావి 5, 10 డిగ్రీలు ముందు. నూనె మట్టిలో కనబడవు, శుభ్రంగా తుడిచి తెల్ల పెయింటు పూయండి. కంప్రెషన్‌ను బట్టి అంకె మారుతుంది కాబట్టి మీ మోడల్ మాన్యువల్‌లోదే తీసుకోండి. ఇక్కడ 5 డిగ్రీలు అనుకుందాం. గాటును ఆ ములుకు దగ్గరికి ఎప్పుడూ ముందుకు తిప్పుతూనే తేవాలి. దాటిపోతే బాగా వెనక్కి వెళ్లి మళ్లీ రండి, లేకపోతే చైన్ వదులు కొలతలో కలిసిపోతుంది. యూనిట్ మీద టైమింగ్‌ను కొద్దికొద్దిగా జరిపే గుండ్రటి మైక్రోమీటర్ నట్టు ఉంటే ముందే దాన్ని మధ్యకు పెట్టండి.

12 వోల్టుల బల్బు ఒక కొసను డిస్ట్రిబ్యూటర్ టెర్మినల్‌కు, రెండోది ఎర్త్‌కు కలిపి ఇగ్నిషన్ ఆన్ చేయండి. పాయింట్లు మూసి ఉంటే బల్బు వెలగదు. బాడీని అపసవ్య దిశలో తిప్పి బల్బు ఆర్పి, తర్వాత సవ్య దిశలో నెమ్మదిగా తెస్తూ వెలిగిన క్షణంలో ఆపి పించ్ బోల్టు బిగించండి. రోటర్ తిరిగేది అపసవ్యంగా. అది తిరిగే వైపు బాడీ జరిపితే రిటార్డ్, ఎదురు జరిపితే అడ్వాన్స్. పని కాగానే ఇగ్నిషన్ ఆపండి, పాయింట్లు మూసుకుని ఉంటే కాయిల్ కాలుతుంది.

ఇప్పుడు రోటర్ చూస్తున్న క్యాప్ టెర్మినల్ ఒకటో సిలిండర్‌ది. అక్కడినుంచి అపసవ్యంగా 1, 3, 4, 2 వరుసలో వైర్లు పెట్టండి. ప్లగ్గు గ్యాపు 25 థౌ. హ్యాండిల్‌తో స్టార్ట్ చేసేవాళ్లు బొటనవేలిని మిగతా వేళ్ల వైపే ఉంచుకోవాలి. టైమింగ్ ఎక్కువ అడ్వాన్స్ అయితే హ్యాండిల్ వెనక్కి తన్నుతుంది, చుట్టి పట్టుకున్న వేలు విరుగుతుంది.

ఇంజిన్ నడుస్తుండగా స్ట్రోబ్ లైటుతో (స్పార్కుతో పాటు మెరిసే టైమింగ్ లైటు) సరిచూసేటప్పుడు వాక్యూమ్ గొట్టం తీసి మూయాలి, ఐడిల్ వీలైనంత తక్కువలో ఉండాలి. చివరి తీర్పు మాత్రం రోడ్డుదే. ఇంజిన్ వేడెక్కాక టాప్ గేర్‌లో 40 కి.మీ. వేగంతో ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. టకటకమని నాకింగ్ నిలవకుండా మోగితే కొంచెం రిటార్డ్ చేయాలి. మైక్రోమీటర్ నట్టు పదకొండు క్లిక్కులు ఒక డిగ్రీ, A వైపు అడ్వాన్స్, R వైపు రిటార్డ్. నాకింగ్ అసలు లేకుండా బండి బరువుగా, వేడిగా నడుస్తుంటే రిటార్డ్ ఎక్కువైంది.

అన్నీ సరిగ్గా ఉన్నా మిస్సింగ్ వస్తే కండెన్సర్, రోటర్ అనుమానించండి. పాయింట్ల మధ్య నీలి మంట గట్టిగా కనిపించినా, అవి తొందరగా నల్లబడినా కండెన్సర్ పోయినట్టు. రోటర్ ప్లాస్టిక్ లోపల చీలి, కరెంటు షాఫ్టులోకి దిగిపోవడం మామూలే. ఇత్తడి ముక్కను రివెట్‌తో బిగించిన రోటర్లలో ఇది ఎక్కువ, దొరికితే రివెట్ లేనిదే కొనండి.

కొత్త ఫైబర్ మడమ మొదట్లో తొందరగా అరుగుతుంది. గ్యాపు తగ్గి టైమింగ్ రిటార్డ్ అవుతుంది. అందుకే 500 కి.మీ. నడిచాక గ్యాపు మళ్లీ కొలిచి, దాని తర్వాత బల్బుతో టైమింగ్ ఇంకోసారి పెట్టండి.